తెర వెలగకముందు గీసే గీత: బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల్లోని డిజైన్, లలితకళలు, ఆర్కిటెక్చర్ కోర్సులకు పాఠ్యప్రణాళిక రూపొందించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ గౌరవ సభ్యులకు,

ఆర్కిటెక్చర్‌లో చేరడానికి జేఈఈ మెయిన్ రెండో పేపర్ రాసే విద్యార్థి గణితం, ఆప్టిట్యూడ్ ప్రశ్నలకు కంప్యూటర్ మీద జవాబులిచ్చి, డ్రాయింగ్ భాగానికి వచ్చేసరికి కాగితం, పెన్సిల్ అందుకుంటాడు, బి.డిజైన్ ప్రవేశాల కోసం ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్ పరీక్షలోనూ రెండో భాగానికి చేత్తో గీయవలసిందే, ఐఐటీ హైదరాబాద్ డిజైన్ విభాగంలో బి.డిజైన్ ప్రవేశానికీ ఆ పరీక్షే దారి. గడప దగ్గర చేతిగీతను ఇంత శ్రద్ధగా పరీక్షించే ఈ చదువు, విద్యార్థి లోపలికి వచ్చాక ఆ గీతతో ఏం చేయించాలో మాత్రం తేల్చుకోలేకపోతోంది. మొదటి సెమిస్టర్‌లో ఫ్రీహ్యాండ్ డ్రాయింగ్ పేరిట కూజాలు, కుర్చీలు, చెట్లు గీయించి, ఆ తరువాత ప్రతి అసైన్‌మెంటూ తెర మీదే మొదలై తెర మీదే ముగిసినా అభ్యంతరం చెప్పని పద్ధతి అనేక చోట్ల అలవాటైపోయింది. కంప్యూటర్ ముందు కూర్చునే ముందు డిజైనర్ కాగితం మీద గీయాలా అక్కర్లేదా అన్న ప్రశ్న అందువల్ల ఎవరి అభిరుచికి వారికి వదిలేసిన విషయంగా మిగిలింది. అది అభిరుచికి సంబంధించినది కాదని, దానికి జవాబు ‘గీయాలి’ అనే అయినా అందుకు మామూలుగా చెప్పే కారణాలు నిలవవని, ఏ కాగితం మీద, ఎందుకు గీయాలో తేల్చకుండా పెట్టే నియమం వట్టి తంతుగా మారుతుందని చూపడం ఈ లేఖ ఉద్దేశం.

మామూలుగా చెప్పే కారణాలు చేతిలోని జీవం, మనిషి స్పర్శ, కాగితం వాసన వంటి మాటలతో మొదలవుతాయి. అవి సన్మాన సభల్లో వినడానికి బాగుంటాయి కాని పాఠ్యప్రణాళికకు పునాది కాలేవు, ఎందుకంటే కాగితం వాసన నచ్చని విద్యార్థి ముందు వాటితో ఏదీ రుజువు కాదు. అసలు స్కెచ్ అంటే ఏమిటో మొదట విడదీసి చూడాలి. కట్టబోయే భవనానికి, అచ్చువేయబోయే పుస్తకానికి కొలతలతో సహా తయారుచేసే కచ్చితమైన బొమ్మ డ్రాయింగ్. వస్తువు ఎలా పనిచేస్తుందో పరీక్షించడానికి చేసే మచ్చు ప్రోటోటైప్. ఈ రెండూ పుట్టకముందు, తనకే ఇంకా తెలియని దాన్ని తెలుసుకోవడానికి డిజైనర్ గీసుకునేది స్కెచ్. పత్రికాఫీసుల్లోని చిత్రకారులు దీన్నే ‘రఫ్’ అంటూ వచ్చారు, లెక్కల నోటుబుక్కు వాడిన ప్రతి తెలుగువాడికీ ఇది ‘చిత్తు’గా పరిచయమే. బిల్ బక్స్‌టన్ 2007లో వెలువరించిన ‘స్కెచింగ్ యూజర్ ఎక్స్‌పీరియెన్సెస్’ గ్రంథంలో ఈ తేడాను వివరిస్తూ, స్కెచ్ త్వరగా అయ్యేది, చవకది, పారేసినా బాధ లేనిది, ఒకటి కాక పది ఉండేది కావాలంటాడు. ఈ లక్షణాల్లో అందం లేదన్నది గమనించదగిన విషయం. చూడచక్కని స్కెచ్ గీయగలగడం వేరే విద్య, దాని గొప్పదనం దానిదే అయినా ఈ లేఖకు దానితో పని లేదు.

చవకదనం ఒక్కటే స్కెచ్ గుణమైతే వాదన ఇక్కడితో ఆగిపోయేది, ఎందుకంటే తెర మీద గీత కూడా ఖర్చులేనిదే. రెండో గుణం అస్పష్టత, అంటే ఒకే గీతను రెండుమూడు విధాలుగా చదవగలిగే వీలు. ఇంటి ప్లాన్ వేస్తూ గీసిన ఒక వంకర వలయం మండువా కావచ్చు, నుయ్యి కావచ్చు, చెట్టు చుట్టూ కట్టిన అరుగు కావచ్చు. గీసినవాడు నుయ్యి అనుకునే గీసినా, కాసేపటికి మళ్ళీ చూసినప్పుడు అది అరుగులా కనిపించి ఇల్లంతా మరో దిక్కుకు తిరగవచ్చు. ఆర్కిటెక్టులు గీస్తున్నప్పుడు వారి మాటలను, గీతలను కలిపి పరిశీలించిన గాబ్రియేలా గోల్డ్‌ష్మిట్ 1991లో ప్రచురించిన పరిశోధనలో, గీసిన దానిని మరొకటిగా చూడడానికీ, అలా చూసినందువల్ల తేలే పర్యవసానాలను గుర్తించడానికీ మధ్య జరిగే రాకపోకలే డిజైన్ ఆలోచనకు ప్రాణమని వాదించింది. వినోద్ గోయెల్ 1995 నాటి ‘స్కెచెస్ ఆఫ్ థాట్’ గ్రంథంలో మరో అడుగు ముందుకు వేసి, డిజైనర్ల చేత ఒకసారి చేత్తో, మరోసారి కంప్యూటర్ డ్రాయింగ్ ప్రోగ్రాంతో పని చేయించి పోల్చాడు. చేత్తో గీసినప్పుడు ఒక ఆలోచన నుంచి దాని పక్క ఆలోచనకు మళ్ళడం ఎక్కువగానూ, ప్రోగ్రాంతో గీసినప్పుడు మొదట తట్టిన ఆలోచననే సవరిస్తూ లోతుకు పోవడం ఎక్కువగానూ కనిపించిందని అతని నిర్ధారణ. కంప్యూటర్ గీత తప్పు అని దీని అర్థం కాదు. అది ముందే తేలిన గీత, ఆ తేలిపోవడమే తొలి దశలో అడ్డు.

డొనాల్డ్ షోన్ 1983లో రాసిన ‘ది రిఫ్లెక్టివ్ ప్రాక్టీషనర్’లో ఈ ప్రక్రియకు ఒక సుదీర్ఘ ఉదాహరణ ఉంది, డిజైన్ బోధించేవారందరూ ఒక్కసారైనా చదవవలసినది. వాలుగా ఉన్న నేల మీద పాఠశాల భవనం రూపొందించలేక చిక్కుకుపోయిన పెట్రా అనే విద్యార్థిని ముందు క్విస్ట్ అనే ఆచార్యుడు కూర్చుని, ఆమె బొమ్మ మీద ట్రేసింగ్ కాగితం పరిచి, గీస్తూ మాట్లాడుతూ, మాట్లాడుతూ గీస్తూ పోతాడు. వాలుకు ఒక క్రమాన్ని తానే విధించి చూద్దామని, కుదరకపోతే దాన్ని తీసేయవచ్చని మొదలుపెట్టిన అతనికి, గీసిన ప్రతి గీతా అనుకోని పర్యవసానాన్ని ఒకటి చూపుతుంది, దానికి జవాబుగా తరువాతి గీత పుడుతుంది. ఇటువంటి పనిని షోన్ సన్నివేశంతో జరిపే సంభాషణగా భావించాడు. సంభాషణలో ఎదుటివారికి మాట్లాడే సందు దొరకాలంటే మొదటి మాట కొంత తెరిచి ఉండాలి. ట్రేసింగ్ కాగితం ఇక్కడ చేసిన మేలు కూడా చిన్నది కాదు, పాత గీత చెరగకుండా కిందినుంచి కనిపిస్తూనే కొత్త గీతకు చోటిచ్చింది. తెర మీద లేయర్లు అదే పని చేయగలిగినా, కంట్రోల్-జెడ్ నొక్కగానే వెనక్కు పోయే అలవాటు ముందుగా వేళ్ళకు అబ్బినందువల్ల, తప్పు గీత తప్పుగానే మాయమై ఏమీ నేర్పకుండా పోతుంది.

కంప్యూటర్ గీతకు ఈ స్వభావం ఎక్కడినుంచి వచ్చిందో దాని పుట్టుకలోనే తెలుస్తుంది. ఇవాన్ సదర్లాండ్ 1963లో ఎంఐటీలో తన పరిశోధనగా సమర్పించిన ప్రోగ్రాం పేరు ‘స్కెచ్‌ప్యాడ్’. లైట్ పెన్, అంటే తెర మీది వెలుగును గుర్తించే కలం వంటి పరికరంతో, గీతలను నేరుగా తెర మీదే గీయనిచ్చిన తొలి ప్రోగ్రాంలలో అది అగ్రగణ్యం. ఉజ్జాయింపుగా గీసిన నాలుగు గీతలను సమాంతరంగా ఉండమనో, సమాన పొడవుతో ఉండమనో ఆదేశిస్తే అవి వాటంతట అవే సర్దుకోవడం దాని ఘనత. ఇటువంటి ఆదేశాలను నిబంధనలు అంటారు. అంటే చిత్తు పుస్తకం పేరు పెట్టుకుని పుట్టిన ప్రోగ్రాం మొదటి రోజునుంచీ చిత్తును సాపు చేసే పని పెట్టుకుంది. నేటి సాఫ్ట్‌వేర్లలో గీత దగ్గరి గీతకు అతుక్కోవడం, ఖాళీ పేజీ తెరవగానే ఒక ఫాంటు, ఒక రంగు, ఒక గీత మందం ముందే ఎంపికై ఉండడం ఆ వారసత్వమే. డిజైనర్ ఇంకా అడగని ప్రశ్నలకు యంత్రం అప్పటికే జవాబులు చెప్పేసి ఉంటుంది, అవి జవాబులని గుర్తుపట్టేంత అనుభవం మొదటి ఏడాది విద్యార్థికి ఉండదు. నాలుగు మాటలు టైపు చేస్తే తళతళలాడే బొమ్మను ఇచ్చే నేటి కృత్రిమ మేధ ప్రోగ్రాంలు ఈ తొందరను చివరి అంచుకు చేర్చాయి, వాటిలో చిత్తు దశ అనేదే కనిపించదు.

ఇక్కడివరకు వాదన కాగితం వైపే సాగింది, అయితే దీనికి ఎదురుగా నిలిచే రుజువులను దాచడం న్యాయం కాదు. జాఫర్ బిల్డా, జాన్ గెరో, టెర్రీ పర్సెల్ 2006లో ప్రచురించిన అధ్యయనంలో ముగ్గురు అనుభవజ్ఞులైన ఆర్కిటెక్టులు ఒకసారి కళ్ళకు గంతలతో, మనసులోనే ఇల్లు రూపొందించి, మరోసారి మామూలుగా గీసుకుంటూ రూపొందించగా, ఫలితాల్లో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ముగ్గురితోనే చేసిన అధ్యయనం కనుక దీనిమీద మేడలు కట్టలేం. పైగా ఆ ముగ్గురూ ఏళ్ళ తరబడి గీసి గీసి కాగితాన్ని తలలోకి ఎక్కించుకున్నవారు, విద్యార్థులు కారు. అయినా కాగితం లేకుండా డిజైన్ ఆలోచనే సాధ్యం కాదనే గట్టి ప్రకటనలకు అది గండి కొడుతుంది. మాథ్యూ కార్టర్ ఉదాహరణ ఇంతకన్నా పదునైనది. మైక్రోసాఫ్ట్ 1996లో విడుదల చేసిన వెర్డానా, జార్జియా ఫాంట్లను అతడు కాగితం మీద వంపులు తిప్పి మొదలుపెట్టలేదు. తెర మీది చుక్కల గళ్ళలో, అంటే పిక్సెళ్ళలో, అక్షరాన్ని ముందు నింపి చూసుకుని, ఆ తరువాతే వాటి చుట్టూ వంపుల రేఖలు కట్టాడు. ఆనాటి ముతక తెర మీద చదవడానికి ఉద్దేశించిన అక్షరానికి అసలు పదార్థం తెరే కనుక, అతని చిత్తు కూడా అక్కడే జరిగింది. కేసీ రియాస్, బెన్ ఫ్రై 2001లో మొదలుపెట్టిన ప్రాసెసింగ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసే ప్రతి చిన్న ప్రోగ్రాంనూ ‘స్కెచ్’ అనే పిలుస్తారు, కదిలే బొమ్మకు పది వరుసల కోడు నిజంగా చిత్తే అవుతుంది.

ఈ ఎదురు రుజువులు కాగితాన్ని కొట్టివేయకుండా, ప్రశ్నను సరిదిద్దుతున్నాయి. కార్టర్ కంటే పుష్కరకాలం ముందు, 1980ల తొలినాళ్ళలో, యాపిల్ సంస్థ మాకింటాష్ కంప్యూటర్‌కు చిహ్నాలు గీసిన సూసన్ కేర్ అదే పిక్సెళ్ళ పనిని కాగితం మీద చేసింది. అప్పటికి తెర మీద చిహ్నాలు దిద్దే ప్రోగ్రాం సిద్ధంగా లేకపోవడంతో ఆమె గళ్ళ కాగితం పుస్తకం కొనుక్కుని, అడ్డం 32, నిలువు 32, మొత్తం 1,024 గళ్ళలో ఏది నలుపో ఏది తెలుపో పెన్సిల్‌తో నింపుకుంటూ పోయింది. ఒకరు తెర మీద, మరొకరు కాగితం మీద మొదలుపెట్టినా ఇద్దరి చిత్తులోనూ ఒకే గుణం ఉంది: తుది వస్తువు పెట్టే ఇబ్బంది చిత్తులోనే ఎదురైంది. గళ్ళు లేని తెల్ల కాగితం మీద కేర్ అందమైన చెత్తబుట్ట బొమ్మ గీసి ఉంటే, 32 గళ్ళలోకి దించేటప్పుడు అది చెదిరిపోయేది.

ఈ సూక్ష్మం తెలుసుకోవడానికి కాలిఫోర్నియా దాకా పోనవసరం లేదు, యాదాద్రి భువనగిరి జిల్లాలో పోచంపల్లి, కొయ్యలగూడెం, పుట్టపాక మగ్గాలవారికి ఇది తరాలుగా తెలిసిన సంగతి. ఇకత్ అంటే నేసిన గుడ్డ మీద కాక, నేయకముందే నూలు పోగుల మీద రంగు దించే పద్ధతి. రంగు అంటకూడని చోట పోగుల కట్టలను గట్టిగా కట్టి అద్దకంలో ముంచుతారు, ఆరాక విప్పి మరోచోట కట్టి మరో రంగులో ముంచుతారు, చివరకు పడుగు, పేక కలిసినప్పుడు బొమ్మ తేలుతుంది. డిజైన్ గ్రాఫ్ కాగితం మీద వేస్తారు, ఒక్కో గడి ఇన్ని పోగుల కట్టకు గుర్తు. గుండ్రని పువ్వు గీయదలచినవాడికి గడి మెట్లు మెట్లుగానే వంపునిస్తుంది, రంగు పోగు వెంట కొంచెం పాకడం వల్ల ఆ మెట్ల అంచులు మెత్తబడి ఇకత్‌కు ప్రత్యేకమైన ఆ మసక అందం వస్తుంది. ఒకసారి అద్దకంలో మునిగిన పోగు వెనక్కు రాదు. ఇవాళ ఆ గళ్ళను కంప్యూటర్ మీద నింపేవారూ ఉన్నారు, దానివల్ల నష్టమేమీ లేదు, ఎందుకంటే గడి తెర మీదికి వెళ్ళినా పోగును మరచిపోలేదు. పోగు లెక్క తెలియని డిజైనర్ నగరంలో కూర్చుని ఫోటోషాప్‌లో రూపొందించి పంపే పువ్వు, ఎంత సున్నితమైన వంపులతో ఉన్నా, మగ్గం దగ్గర మళ్ళీ మొదటినుంచి గళ్ళలోకి అనువదించుకోవలసిందే. అలా అనువదించే ఆ రెండో డిజైనర్ పేరు ఎక్కడా అచ్చు కాదు.

శ్రీకాళహస్తి కలంకారీలో ఇదే నీతి రసాయన రూపంలో కనిపిస్తుంది. కరక్కాయ, గేదెపాల మిశ్రమంలో నానబెట్టి ఆరబెట్టిన గుడ్డ మీద చిత్రకారుడు మొదట చింతపుల్లల బొగ్గుతో బొమ్మ వేసుకుంటాడు, అది గుడ్డతో దులిపితే పోయే గీత. ఆ తరువాత వెదురు కలంతో, ఇనుప ముక్కలు, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన కసిమిని ఆ గీత వెంట నడిపిస్తే, కరక్కాయలోని టానిన్‌తో ఇనుము కలిసి గీత నల్లగా, చెరగకుండా నిలిచిపోతుంది. బొగ్గు పోయేది కాబట్టే ధైర్యంగా వేయగలడు, కసిమి పోనిది కాబట్టే ఆచితూచి నడుపుతాడు. రెండు గీతలూ ఒకే గుడ్డ మీద పడినా వాటి బాధ్యతలు వేరు. సంక్రాంతి నెలలో ఇంటింటా నోటుబుక్కుల వెనక పేజీల్లో పదిహేను నుంచి ఎనిమిది దాకా సందు చుక్కలు పెట్టి ముగ్గు కలిపి చూసుకుని, తెల్లవారాక దాన్నే వాకిట్లోకి దించే ఆడవాళ్ళకు ఈ తేడాను ఏ బక్స్‌టనూ నేర్పనక్కర్లేదు. చుక్కలు ఇక్కడా గళ్ళ కాగితమే, పేజీ మీది చుక్కకూ వాకిట్లోని చుక్కకూ లెక్క ఒకటే.

పదార్థాన్ని మరచిన స్కెచ్ ఎంత దూరం తీసుకుపోగలదో సిడ్నీ ఒపేరా హౌస్ చరిత్ర చెబుతుంది. 1957 జనవరిలో యోర్న్ ఉట్జోన్ పోటీలో గెలిచినప్పుడు అతడు సమర్పించినవి అద్భుతమైన, కాని కొలతలు పూర్తిగా తేలని బొమ్మలు. తెరచాపల్లాంటి ఆ పైకప్పు వంపులకు నిర్దిష్టమైన జ్యామితి లేదు. 1959లో నిర్మాణం మొదలయ్యేనాటికీ అవి ఎలా నిలబడతాయో తేలలేదు. అన్ని చాపలనూ ఒకే గోళం ఉపరితలం నుంచి కోసిన ముక్కలుగా భావించవచ్చన్న పరిష్కారం 1961లో గాని కుదరలేదు, నిర్మాణ బలాల లెక్కలకు ఆనాటి కంప్యూటర్లను విరివిగా వాడవలసి వచ్చింది. దాదాపు 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల అంచనాతో మొదలైన భవనం 1973లో తెరుచుకునేసరికి 10 కోట్ల 20 లక్షలయింది; కారణాలు అనేకం, రాజకీయాల పాలు తక్కువేమీ కాదు, అయినా మొదటి గీతకూ కాంక్రీటుకూ మధ్య ఉన్న దూరం వాటిలో ఒకటి. ఆ గీతే లేకపోతే ఆ భవనమే లేదన్నది కూడా అంతే నిజం. కేర్ కాగితం ముందే కొన్ని తలుపులు మూసింది, ఉట్జోన్ కాగితం అన్నీ తెరిచి ఉంచింది. విద్యార్థికి రెండూ తెలియాలి, తన చేతిలో ఉన్నది ఏ కాగితమో ఇంకా బాగా తెలియాలి.

తెలుగు అక్షర రూపకల్పన విషయంలో ఈ ఎరుక ప్రస్తుతం అన్నిటికన్నా అవసరం, అక్కడే అది అన్నిటికన్నా తక్కువగా ఉంది. కంప్యూటర్ ఫాంటులో అక్షరం గీతగా ఉండదు, గీత చుట్టూ కట్టిన అంచుగా ఉంటుంది. ఆ అంచును కొద్ది బిందువుల మధ్య వంపులుగా లెక్కగట్టే బెజియర్ వక్రరేఖలు 1960లలో రెనో కంపెనీలో పియర్ బెజియర్ కారు ఒంటి వంపుల కోసం ప్రచారంలోకి తెచ్చినవి. తెలుగు అక్షరమో, చేతి నడకలో పుట్టింది: ఎక్కడ మొదలై, ఎటు తిరిగి, ఎక్కడ ఆగిందో తెలిస్తేనే దాని మందం ఎక్కడ పెరగాలో, ఎక్కడ సన్నబడాలో తెలుస్తుంది. నేరుగా అంచులతో మొదలుపెట్టిన విద్యార్థి ‘క’ మీద గీసిన తలకట్టును కాపీ చేసి ‘గ’ మీద, ‘త’ మీద అతికిస్తాడు, కొమ్ము, గుడి, వత్తు అన్నీ విడిభాగాలుగా బిగిస్తాడు. గుడి ‘కి’లో కూర్చున్నట్టు ‘మి’లో కూర్చోదు, వత్తు తన పైనున్న అక్షరం బరువును బట్టి జరుగుతుంది, ఒదుగుతుంది. బాపు చేతిరాత ఫాంటుగా మారి పెళ్ళిపత్రికలనుంచి పుస్తకాల అట్టలదాకా పాకినప్పుడు పాఠకులు దాన్ని ఆదరించారు గాని, చేత్తో రాసిన పేజీలో ఒకే అక్షరం పక్క అక్షరాన్ని చూసుకుని ప్రతిసారీ కొంచెం మారుతుందని, ఫాంటులో అది ఒక్క రూపానికి కట్టుబడిపోతుందని రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినవారికి తెలుస్తుంది. అక్షర రూపకల్పన నేర్చుకునేవారు పలకపాళీ కలంతో అక్షరమాలను కొన్ని వందలసార్లు రాయకుండా ఫాంటు సాఫ్ట్‌వేర్ తెరవకూడదన్నది ఛాందసంలా వినిపించవచ్చు. ఈ ఒక్కచోట ఛాందసమే మేలు.

ఇక నియమం విషయం. స్కెచ్‌లు తప్పనిసరి అని పాఠ్యప్రణాళికలో ఒక వాక్యం చేర్చి, జ్యూరీ రోజున, అంటే పరీక్షకుల ముందు పని పెట్టే రోజున, ‘ప్రాసెస్ షీట్లు’ చూపించాలని, వాటికి ఇన్ని మార్కులని నిర్ణయిస్తే ఏం జరుగుతుందో బోధించేవారందరికీ తెలుసు. తెర మీద పని పూర్తయ్యాక, జ్యూరీకి ముందు రాత్రి, ఆ పూర్తయిన దాన్నే చూస్తూ పెన్సిల్‌తో వెనక్కు గీసి, మధ్యలో రెండు తప్పు గీతలు కావాలనే వేసి, కాఫీ మరక కూడా ఒకటి అంటించి తెస్తారు. ఇది విద్యార్థుల మోసం అనడంకన్నా, ఆలోచనకు సాక్ష్యం కాకుండా అందానికి సాక్ష్యం అడిగిన నియమం తెచ్చిన ఫలితం అనడం సబబు. అందువల్ల మీ బోర్డు పరిశీలనకు కొన్ని సూచనలు. ప్రతి స్టూడియో ప్రాజెక్టులో మొదటి వారం తెర లేకుండా గడవాలి, ఆ వారం చివర విద్యార్థి ఎంచుకున్న ఒక్క ఆలోచన కాక, వదిలేసిన ఆలోచనలనూ, ఎందుకు వదిలేశాడో చెప్పే రెండేసి వాక్యాలనూ ఉపాధ్యాయుడు చూడాలి. వాటి గీతలకు మార్కులు ఉండకూడదు, సంఖ్యకూ తర్కానికీ ఉండవచ్చు. ప్రాజెక్టు ఏ పదార్థానికి చెందినదో దాని కాగితమే చేతికివ్వాలి: నేతకు గ్రాఫ్, ఇంటికి స్కేలుకు తగిన ట్రేసింగ్, పుస్తకానికి మడిచి కుట్టిన డమ్మీ, మొబైల్ యాప్‌కు ఫోను కొలతకు కత్తిరించిన కాగితపు ముక్కలు. కదిలే బొమ్మ, ధ్వని, తెరకే పుట్టిన అక్షరం వంటి పనుల్లో తెర మీది చిత్తును, పది వరుసల కోడును స్కెచ్‌గానే అంగీకరించాలి. పెన్సిల్ పట్టుకోలేని శారీరక ఇబ్బంది ఉన్న విద్యార్థికి మట్టి, దారం, అట్టముక్కలు, మాట కూడా స్కెచ్ కాగలవని నిబంధనలోనే రాయాలి; మినహాయింపుగా రాస్తే అది దయలా కనిపిస్తుంది.

చివరిగా ఒక చిన్న ఏర్పాటు, దీనికి ప్రత్యేక నిధులేవీ అక్కర్లేదు. వస్త్ర డిజైన్ చదివే విద్యార్థి మూడో సెమిస్టర్‌లో తాను గ్రాఫ్ కాగితం మీద వేసిన ఒక జానెడు డిజైన్‌ను తీసుకుని పుట్టపాకలోనో కొయ్యలగూడెంలోనో ఒక మగ్గం దగ్గరికి వెళ్ళాలి, పోగులు కట్టేవారి పక్కన కూర్చుని ఏ గడి దగ్గర వారి చేయి ఆగిందో రాసుకోవాలి, తిరిగివచ్చి అదే కాగితం మీద ఎర్ర పెన్సిల్‌తో ఆ గళ్ళను దిద్దాలి. ఆ దిద్దిన కాగితాన్ని జ్యూరీ ముందు పెట్టినప్పుడు, దానిపై ప్రశ్నలు అడగడానికి ఆ నేతకారుణ్ణి కూడా ప్రయాణ ఖర్చులిచ్చి, పరీక్షకుడి గౌరవ వేతనమిచ్చి పిలవాలి.

ఇట్లు
డిజైన్ చదువు మంచిచెడ్డలు పట్టించుకునే ఒక తెలుగు వ్యాసకర్త